రెండొందల పన్నెండో బిల్లు

సెనేటర్ డోరిన్ వాసెక్ సభలో లేచి నిలబడి అప్పటికి ఏడు గంటలు గడిచాయి.

కూర్చోకూడదు. బల్లకు ఆనుకోకూడదు. మంచినీళ్ళు తాగకూడదు. బిల్లు సంగతి తప్ప వేరే మాట నోట రాకూడదు. వీటిలో ఏది తప్పినా రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడు సుత్తి కొట్టి ఓటింగు పెట్టేస్తాడు. పెడితే రెండొందల పన్నెండో బిల్లు నెగ్గుతుంది. ముప్ఫై ఒక్కమంది సభ్యుల్లో పంతొమ్మిదిమంది అందుకు సిద్ధంగా కూర్చున్నారు. సాయంత్రం ఆరింటిదాకా ఆమె నోరు ఆగకపోతే మాత్రం సభాకాలం ముగిసి బిల్లు దానంతటదే చస్తుంది.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"ధాన్యం నిలవచేసే ఎత్తైన సైలోలో మొక్కజొన్న గింజల మీద కాలు పెట్టిన మనిషి నాలుగు సెకన్లలో మోకాలి దాకా దిగబడతాడు," అని చదువుతోంది డోరిన్. గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. "ఇరవై సెకన్లలో తల మునుగుతుంది. అడుగున గింజలు జారుతున్నంతసేపూ పైనుంచి ఎంతమంది లాగినా రాడు."

మెర్ల్ టెబ్బెన్ లేచాడు. ధాన్యం కంపెనీల మనిషని అతన్ని అందరూ అంటారు. అతనూ కాదనడు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్, అధ్యక్షా! ఇది పొద్దున విన్నాం, మధ్యాహ్నమూ విన్నాం. ఇంకోసారి వింటే నేనే వెళ్ళి సైలోలో దూకుతాను."

సభలో నవ్వులు.

"విషయం బిల్లుదే కదా. కానివ్వండి," అన్నాడు అధ్యక్షుడు విసుగ్గా.

బిల్లు ఎనిమిది పేజీలు. సైలోలోకి దిగే ప్రతి కూలీకీ నడుముకు తాడు ఉండాలి, బయట కాపలా మనిషి ఉండాలి, గింజలు తోడే మరకు తాళం వేయాలి. ఏడు పేజీల నిండా ఇదే. ఎనిమిదో పేజీని పోయిన వారం టెబ్బెన్ సవరణ పేరుతో తగిలించాడు. అందులో రెండే వాక్యాలు. పనిలో చేరేరోజు కూలీ ఒక కాగితం మీద సంతకం పెడితే ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు. ఆ తర్వాత అతను చస్తే ఇంటివాళ్ళు కోర్టుకెక్కకూడదు.

సంతకం పెట్టనన్న కూలీకి పని ఎవరిస్తారు?

అయినా పేపర్లన్నీ తాళ్ళ గురించే రాశాయి. ఎనిమిదో పేజీ దాకా చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది.

పొద్దున సభ మొదలవకముందు పక్క సీటు ఒడెస్సా గ్రాంబ్లింగ్ డోరిన్ చెయ్యి పట్టుకుంది. ఒడెస్సాకు డెబ్బై ఒకటి.

"ఈ పాపం నీ చేత్తో ఎందుకే? నేను మాట్లాడతాను. నువ్వు ఇంటికి పో."

"నీ మోకాళ్ళు పావుగంట నిలబడవు, ఒడెస్సా."

"పావుగంట తర్వాత పడిపోతాను. అంబులెన్సు వచ్చేదాకా సభ ఆగుతుందిగా!"

ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఒడెస్సా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

నాలుగున్నరకు గ్యాలరీలో ఒకతను లేచాడు. చొక్కాకు ఎవరిదో కుర్రాడి ఫోటో గుచ్చుకున్నాడు.

"మా తమ్ముడు ఏప్రిల్లో పోయాడు! మాకు తాళ్ళు కావాలి! అందరిలోకీ నువ్వా అడ్డం పడేది? కూర్చో!"

గ్యాలరీతో మాట్లాడితే బిల్లు విషయం తప్పినట్టే. డోరిన్ తలెత్తి అతన్ని చూసింది. మాట ఆగిపోయింది. అధ్యక్షుడి చెయ్యి సుత్తి మీదికి వెళ్ళింది. ఒడెస్సా గట్టిగా దగ్గింది. డోరిన్ కాగితం మీదికి చూపు దించి మళ్ళీ చదవసాగింది. కాపలావాళ్ళు అతన్ని రెక్క పట్టుకుని బయటికి తీసుకుపోయారు. తలుపు మూసేదాకా అతని ఏడుపు వినిపిస్తూనే ఉంది.

అయిదింటికి టెబ్బెన్ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"నీకిదే ఆఖరి సభ, డోరిన్. రెండు దఫాలూ అయిపోయాయి. మళ్ళీ పోటీ చేయడానికి చట్టం ఒప్పుకోదు. పేరైనా మిగుల్చుకో. కూర్చో."

డోరిన్ అతని వైపు చూడలేదు. మూడో పేజీ తీసి, గొంతు పెంచి, మొదటినుంచీ చదివింది.

ఆరింటికి సుత్తి పడింది.

ఆమె పక్షం వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఒక విలేకరి పరుగెత్తుకొచ్చాడు.

"గెలిచారు, సెనేటర్! ఎలా ఉంది?"

"నీళ్ళున్నాయా?" అంది డోరిన్.

ఒడెస్సా గ్లాసు అందించింది. డోరిన్ రెండు గుక్కలు తాగి కూలబడింది. వాచిన కాళ్ళు బూట్లలోంచి రాలేదు. మళ్ళీ సభ రెండేళ్ళకు గానీ లేదు. అప్పుడు తాళ్ళ మాట ఎత్తే మనిషి ఎవరో కూడా తెలియదు. మూడు వారాల్లో గోధుమ కోతలు. సైలోల్లోకి మనుషులు ఎప్పటిలాగే దిగుతారు.

చచ్చిన బిల్లును, దాన్ని సభలో పెట్టిన సభ్యుడికి తిరిగి ఇచ్చేయడం అక్కడి నియమం.

గుమాస్తా ఆ కాగితాలు పట్టుకుని మెట్లు దిగి, టెబ్బెన్ బల్ల దాటి వచ్చి, ఆరేళ్ళ కిందట పంతొమ్మిదేళ్ళ కూతురు జోలీన్‌ను మొక్కజొన్న కిందనుంచి తవ్వి తీసిన నెలలోనే డోరిన్ రాయడం మొదలుపెట్టిన ఆ బిల్లును ఆమె ఒళ్ళో పెట్టాడు.