సగం జిలేబీ

గణపతిరావు ప్లేటులో ఉన్న జిలేబీని ముడతలు పడ్డ చెయ్యి ఒకటి సగానికి విరిచి పట్టుకుపోయింది.

ఉలిక్కిపడి తలెత్తాడు. పక్క బల్ల మీద ఓ ముసలామె. ముక్కుకి రెండు వైపులా పుడకలు, ముఖం నిండా నవ్వు.

"ఏటవ్వా, అడిగితే పెట్టనా?"

"అడిగితే ఇంకో ప్లేటు సెప్పేత్తావు సావుకారూ. ఇది సాలు."

ఆ సగాన్ని కొంగులో ముడేసుకుంది. దుకాణం నడిపే రవిబాబు మూకుడు మీదికి వంగి నవ్వు దాచుకున్నాడు.

గణపతిరావుది విజయనగరం. వారం వారం హుకుంపేట సంతలో రెడీమేడ్ బట్టలు అమ్ముతాడు. చక్కెర జబ్బు బయటపడ్డాక భార్య జయశ్రీ ఇంట్లో పంచదార డబ్బా మాయం చేసి, ఆయన జేబులో తీపి బిళ్ళల డబ్బీ పెట్టింది.

ఆ డబ్బీ వచ్చాక ఆయనకి పండగే. కాఫీలో బిళ్ళ వేసుకుంటే పంచదార మిగిలినట్టే కదా! ఆ మిగిలింది జిలేబీలో తింటే తప్పేటని ఆయన లెక్క.

తరవాతి సంతకి ముసలామె మళ్ళీ వచ్చింది.

"కాఫీలో ఆ బిళ్ళేటి?"

"తియ్యగుంటది. చక్కెర పెరగదు."

"మరి జిలేబీకి బిళ్ళ లేదా?"

గణపతిరావుకి పొలమారింది. ఈలోపు సగం ఆమె కొంగులోకి వెళ్ళిపోయింది. పంతానికి ఇంకో ప్లేటు చెప్పాడు. అందులోనూ సగం పోయింది. ఇంకో వారం మూల బల్లకి మారాడు. ఆమె కూడా మారింది.

"ఇంత తీపి పిచ్చేటి నీకు?" అని విసుక్కున్నాడు.

"నీకంటేనా?" అంది.

పోనుపోను ఆ విసుగూ కరిగిపోయింది. ఆమె కబుర్లు అలాంటివి. కాఫీ తోటలో ఎలుగుబంటిని చూసి మొగుడే అనుకుని కేకలేసిన కబురు చెబుతుంటే ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఒక్కడూ కూర్చుంటే ప్లేటు మీద ప్లేటు ఎప్పుడు ఖాళీ అయ్యేదో తెలిసేది కాదు. ఆమెతో మాటల్లో పడితే సగం జిలేబీ చాలాసేపు వచ్చేది. ఆమె రావడం ఆలస్యమైతే ప్లేటు ముట్టుకోబుద్ధి అయ్యేది కాదు.

ఇంతలో మళ్ళీ రక్తపరీక్ష వచ్చింది. ఈసారీ దిగకపోతే రోజూ ఇంజక్షనే అని డాక్టరమ్మ ముందే చెప్పింది. సూదంటే ఆయనకి చచ్చేంత భయం. దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ వెళ్ళాడు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. "బాగా దిగిందే! ఇంజక్షన్ అక్కర్లేదు. మందులు పాతవే కదా, ఏం మార్చారు?"

"బిళ్ళలండీ!" అన్నాడు గర్వంగా.

"ఆ బిళ్ళ చక్కెరని పెంచదు గానీ, ఉన్నదాన్ని దించదండీ. మీరు ఇంకేదో తినడం తగ్గించి ఉంటారు."

"లేదండీ, నేనేం తగ్గించలే..." అనబోయి ఆగిపోయాడు.

తను తగ్గించలేదు. తగ్గించింది ఆ ముసలామె.

దారి పొడవునా తనలో తనే నవ్వుకుంటూ ఇల్లు చేరాడు. సంత రోజున మూటలోంచి మంచి చిలకపచ్చ చీర తీసుకుని దుకాణానికి పరుగెత్తాడు. బల్ల ఖాళీగా ఉంది.

"మన అవ్వేదీ?"

"సీలేరు ఎలిపోనాది బాబూ. కూతురికి కాన్పు. గుంట పుట్టింది! ఇంక అక్కడే ఉండిపోతాదంట."

గణపతిరావు మనసు చివుక్కుమంది. అంతలోనే పాప కబురుకి ముఖం విప్పారింది.

"అయితే ఈ చీర పంపించు. కిలో జిలేబీ కూడా కట్టు. ఆమెకి ప్రాణం కదా!"

రవిబాబు చేతిలో గరిటె ఆగిపోయింది.

"జిలేబీయా? నోటెట్టదు బాబూ. మీకాడ లాక్కున్నయన్నీ సంతలో గుంటలకి పంచీసీది."

"మరెందుకు లాక్కున్నట్టు?"

"మా అయ్యకీ మీ జబ్బే. ఈ బల్ల మీదే కూకుని తినీవోడు. ఒకలం కూడా సెయ్యట్టుకు ఆపలేదు. ఆ జబ్బుతోటే పోనాడు."

గణపతిరావు మెల్లగా చీరని ముందుకి చాపాడు.

రవిబాబు చీరని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. "ఆమె మా అమ్మ బాబూ. ఈ దుకానం ఆమెదే, తెల్లారగట్ల లేసి ఆ జిలేబీ పిండి కలిపీదీ ఆమే."