ఆరో అంతస్తు

వినబడినా పలకని మనిషిని ఏమనుకోవాలి? ఈ సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. దేవుడి విషయంలో పెద్దలు ఏదో ఒకటి సర్దిచెబుతారు. మనిషి విషయంలో సర్దిచెప్పినవాళ్లు లేరు. ఈ లిఫ్టు సంగతి విన్నాక ఆ సందేహం కాస్త కదిలింది.

ఒకామె అక్క ఒక ఎత్తయిన భవనంలో కొత్తగా అద్దెకు దిగింది. ఇల్లు చూద్దామని చెల్లెలు మొదటిసారి వచ్చింది. లిఫ్టులో అప్పటికే ఒక పెద్దాయన ఉన్నాడు. చేతిలో తెల్లకర్ర, చంకలో పాలప్యాకెట్టు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లు ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవాడు. పుట్టుకతోనే చూపు లేదు.

ఏ అంతస్తుకని అడిగాడు. ఎనిమిదని ఆమె చెప్పింది. ఆయన చెవి ఇటు తిప్పాడు.

“మీ గొంతు ఎక్కడో విన్నానమ్మా.”

“అందరూ అదే అంటారండీ” అని ఆమె మాట దాటేసింది.

తలుపులు మూసుకుంటున్నాయని ఎప్పటిలాగే చెప్పి లిఫ్టు కదిలింది. నాలుగు దాటిందో లేదో, పెద్ద కుదుపు. ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగింది.

మొదట ఆయన నవ్వాడు. పక్క లిఫ్టు రిపేరులో పడి పొద్దుట్నుంచీ ఆగిపోయానని ఒకటే మోగుతోందని, దీనికీ ఆ జబ్బే అంటుకుందని అన్నాడు. తర్వాత దగ్గాడు. దగ్గు ఆగలేదు. ఆయనది ఉబ్బసం. రెండు నిమిషాల పనే కదా అని పీల్చే మందు ఇంట్లో వదిలేసి వచ్చాడు.

ఆమె సెల్లులో సిగ్నలు లేదు. గోడమీద ఎర్ర మీట ఉంది. నొక్కితే కింద వాచ్‌మన్ గదిలో మాట వినబడుతుంది.

నొక్కింది. “లిఫ్టు ఆగిపోయింది. దయచేసి…”

“పొద్దుట్నుంచీ ఇదే నస” అంది అవతలి గొంతు, పక్కన ఎవరితోనో. టక్కున కట్టయింది.

ఆమె చెంపలు వేడెక్కాయి. మళ్లీ నొక్కింది. కంగారుపడే కొద్దీ ఆమె మాట నిదానంగా, స్పష్టంగా వస్తుంది. అది ఆమె అలవాటు.

“దయచేసి వినండి. లిఫ్టు ఆగిపోయింది…”

“దీని నోరు మూయించేవాడే లేడా?” టక్.

పెద్దాయన గోడకు జారబడి కింద కూర్చున్నాడు. ఊపిరి ఈలలా వస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి. ఆమె కొంగుతో విసురుతూ మనసులో దేవుణ్ణి తలుచుకుంది. చేత్తో మూడోసారి మీట నొక్కింది. ఈసారి రెండు మాటలైనా పూర్తి కానివ్వలేదు.

తను ఏం తప్పు మాట్లాడింది? మర్యాదగానే అడిగింది కదా. ఆమెకు ఏడుపొచ్చింది.

ఆయన తల పక్కకు వాల్చి వింటున్నాడు. ఆ అవస్థలోనూ ముఖం ఒక్కసారి వెలిగింది. ఆమె చేయి తడిమి పట్టుకున్నాడు.

“మీరు… పిలిస్తే… రాడమ్మా. నన్ను లేపండి.”

ఆమె రెండు చేతులా పట్టి లేపింది. ఆయన మీట నొక్కాడు. ముందు దగ్గు, తర్వాత మాట.

“ఒరేయ్ నాయనా… నేనురా… ఆపరేటర్ని.”

అటు కుర్చీ పడ్డ చప్పుడు. “అయ్యో, పెద్దయ్యా, మీరా లోపల?”

ఏడు నిమిషాల్లో తలుపులు తెరిచారు. పక్క లిఫ్టు రిపేరుకొచ్చిన మెకానిక్ ఆయన్ను ఎత్తుకుని మెట్లమీద కూర్చోబెట్టాడు. వాచ్‌మన్ ఆరో అంతస్తులో ఆయన ఇంటికి పరిగెత్తి మందు తెచ్చాడు. ఆయన రెండుసార్లు పీల్చాడు. ఛాతీ మెల్లగా కుదుటపడింది.

అప్పుడు ఆమె వాచ్‌మన్ వైపు తిరిగింది.

“మూడుసార్లు పిలిచాను. ఒక మనిషి ప్రాణం పోతుంటే, మాటైనా విననివ్వరా మీరు?”

వాచ్‌మన్ నోరు తెరుచుకుని ఆమెనూ, వెనక ఉన్న లిఫ్టునూ మార్చి మార్చి చూశాడు.

“వాణ్ణేమీ అనకండి” అన్నాడు పెద్దాయన. కర్ర పక్కన పెట్టి, ఆమె ఉన్న వైపుకి రెండు చేతులూ జోడించాడు.

“ఆరో అంతస్తు వచ్చింది, తలుపులు తెరుచుకుంటున్నాయి అని తొమ్మిదేళ్లుగా ఈ లిఫ్టులో రోజూ చెప్పి నన్ను మా గుమ్మం దగ్గర దించుతున్నది మీ గొంతేనమ్మా, ఇన్నాళ్లకు మనిషి దొరికారు, థాంక్సండీ.”