ముల్లు విరిగిన నడక

నిర్మల్ చుట్టుపక్కల అడవి బాటల్లో ఇతరుల తరఫున నడవడమే గంగామణి పని. నడవలేనివాళ్లే కాదు, తీరిక లేనివాళ్లు కూడా ఇప్పుడు అడవికి ఇలాగే పోతున్నారు. పాదాల స్పర్శను దూరానికి పంపే పట్టీని కాలికి కట్టుకుని ఆమె వట్టి కాళ్లతో నడిస్తే, ఊళ్లో మంచం పట్టిన భోజన్న సారు అరికాళ్లకు ఆ మన్నూ ఆ ఎండుటాకులూ తగులుతాయి.

ఆ పొద్దున ఆమెకు లేవబుద్ధి కాలేదు. పట్టీలో నమోదై ఉన్న పోయిన వారం నడకనే మళ్లీ సారుకు పంపేసి పడుకుంది.

గంట తర్వాత సారు ఫోన్ చేశాడు.

"బిడ్డా, వాగు దాటంగనే మళ్ల ముల్లిరిగింది గదా! పోయిన వారం ఇరిగిన కాడనే ఇరిగె. తీసినవా?"

ఆ నడకలో ముల్లు ఉన్న సంగతే ఆమె మరిచిపోయింది.

"తీసిన సారూ," అంది.

"మన్ను తొక్కాలన్న నా ఆశకు నిన్ను వట్టి కాళ్లతోని తిప్పుతున్న. తప్పు నాదే. రేపటి సంది చెప్పులేసుకో తల్లీ. నాకు మన్ను తగలకున్నా ఏం గాదు."

ఆయనకు కనిపించవని తెలిసీ, ఏ ముల్లూ లేని తన పాదాలను గంగామణి దుప్పటి కిందికి లాక్కుంది.