మాస్టారి పరువు

"రెండో చరణంలో ఎందుకాగావు?"

హార్మోనియం మాస్టారు గ్రీన్‌రూములో అడుగు పెడుతూనే భార్యను నిలదీశాడు. ఆవిడ అద్దం ముందు కూర్చుని చెవుల కమ్మలు తీస్తోంది. తల తిప్పలేదు.

అది పాతపాటల ప్రపంచ పోటీ. యాభై ఏళ్లు దాటిన పాటే పాడాలి, అదీ గ్రామఫోను రికార్డులో ఉన్నట్టే పాడాలి. ఆవిడ గొంతు, పక్కన మాస్టారి హార్మోనియం, వెనక పోటీవాళ్లిచ్చిన వాద్యబృందం. నిన్నటిదాకా మొదటి స్థానం వాళ్లదే. ఫైనల్లో ఆవిడ చరణం మధ్య ఆగిపోయింది. ఐదో స్థానానికి జారారు.

"మరిచిపోయానండీ."

"అన్నం తినడం మరిచిపోయావా ఎప్పుడైనా? నోట్లో పోసి మింగించాను కదే ఆ పాట."

గదిలో ఉన్న పై దేశాల పాటగాళ్లు ఇటు తిరిగారు. భాష రాకపోయినా మాస్టారి చూపుడువేలు వాళ్లకు అర్థమైంది. ఒకామె మొహం అటు తిప్పుకుంది.

"ఇంతమందిలో ఎందుకండీ. బసకెళ్లాక తిట్టండి."

"నీకు సిగ్గా? మరి నా తలెక్కడ పెట్టుకోను? నువ్వు నోరు మూసినా నా వేళ్లు ఆగలేదు. పాట కిందపడకుండా మోసింది నా పెట్టె."

ఆవిడ కమ్మలు పర్సులో వేసుకుంది. ఒకటి జారి కింద పడితే వంగి వెతుక్కుంది. మాస్టారు కాలు కూడా జరపలేదు.

అప్పుడే వాళ్ల జట్టుతో వచ్చిన సౌండు మనిషి వైర్లు చుట్టుకుంటూ లోపలికొచ్చాడు. మాస్టారు అతని భుజం పట్టుకున్నాడు.

"ఏమయ్యా, గొంతు వేరు, వాద్యం వేరుగా రికార్డు చేస్తావు కదా. నా హార్మోనియం ఒక్కటే వినిపించు. ఈ మహాతల్లి నన్నెక్కడ ముంచిందో నలుగురికీ తెలియాలి."

"ఇప్పుడెందుకులెండి మాస్టారూ."

"పెట్టమన్నానా?"

"వద్దు బాబూ," ఆవిడ లేచి నిలబడింది. "తప్పు నాదేనని ఒప్పుకున్నాగా."

"చూశావా, బయటపడుతుందని ఎంత భయమో. పెట్టవయ్యా."

సౌండు మనిషి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను చేతిలోని వైరు కింద పెట్టాడు.

"పెట్టడానికేం లేదు మాస్టారూ. మీ చెవికి శ్రుతి అందడం లేదని అమ్మగారే మొదటిరోజు మీ మైకు ఆపించారు. ఇవాళ మీరు మరీ తప్పేసరికి ఆవిడకు పాట సాగలేదు. ఈ పోటీ మొత్తంలో మీ హార్మోనియం విన్నది, పక్కన కూర్చున్న ఆవిడ ఒక్కరే."