గేటు పక్క బెంచీ

హుస్సేన్‌సాగర్ పొంగి వీధుల్లో పడవలు తిరిగిన ఏడు అది.

నీళ్ళు తీశాక, లాలాగూడ రైల్వే క్వార్టర్ల దేవానందం తన భార్య మార్తని క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రొమ్ములో గడ్డ.

డాక్టరమ్మ చాలా చెప్పింది. కణాల్ని అదుపులో పెట్టే జన్యువు చెడిపోయిందంది. తన పాపానికి దేవుడే లోపల్నించి చెడగొట్టాడనుకుంది మార్త. మందొద్దని కొంగు దోపుకుని గేటు వైపు నడిచింది.

గేటు పక్క బెంచీ మీద సన్యాసిరాజని ఓ ముసలాయన. విజయనగరం వైపు మనిషి. జరిగి చోటిచ్చి, ఏటైందమ్మా అన్నాడు. మార్త ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"మీ రోగిని మీరు చూసుకోండి బాబూ," అన్నాడు వెనకే వచ్చిన దేవానందం.

ముసలాయన ఏమీ అనుకోలేదు. "తమరేటి పని చేస్తారు?"

"రైల్వేలో. వ్యాగన్లు చూస్తా."

"చెడింది కనిపిస్తే?"

"సుద్దముక్కతో సిక్ అని రాసి ఆపేస్తా. బాగైతే వదుల్తా. కాకపోతే తుక్కుకి."

"అన్నీ బాగుంటే?"

"టీ తాగుతా. నేనున్నట్టే ఎవరికీ తెలీదు."

ముసలాయన మార్త వైపు తిరిగాడు.

"ఇన్నావేటమ్మా? ఆ జన్యువూ మీ ఆయన లాంటోడే. ఒళ్ళు బాగున్నన్నాళ్ళూ ఉన్నాడో లేడో తెలీదు. కణం చెడితే ఆపుతాడు, బాగుచేయిస్తాడు. కాకపోతే తుక్కు చేస్తాడు. నీకు ఒక్క కణంలో ఆడు పడిపోనాడు. చెడ్డ బండి లైనెక్కేసింది. ఒకటి రెండు, రెండు నాలుగు. పాపం కాదమ్మా. ఆపే మనిషి లేడు, అంతే. మందు ఆ బళ్ళని ఆపుద్ది."

మార్త మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఈయనైతే ఒక్కరోజూ సెలవు పెట్టలేదండీ," అని నవ్వేసింది. నవ్వుతూనే లోపలికి నడిచింది.

వానలు వెళ్ళి ఎండలొచ్చాయి. మార్తకి ఊడిన జుట్టు మళ్ళీ మొలిచింది. గడ్డ జాడ లేదన్నారు. ఆ రోజు ముసలాయన కోసం చేపల పులుసు కట్టుకొచ్చింది.

బెంచీ ఖాళీ.

ఊడ్చే దేవమ్మని అడిగారు. మోకాళ్ళు పట్టేస్తే కూతురొచ్చి ఊరికి తీసుకుపోయిందంది.

"మరి లోపలున్న ఆయన రోగి?" అడిగాడు దేవానందం.

"ఆయనకు లోపల ఎవ్వరు లేరన్నా," అంది దేవమ్మ. "వరదలకు ముందేడు ఆయన పెండ్లాం మందొద్దని ఈ గేటు దాటిపోయింది. మల్ల రాలే. గప్పట్నుంచి పోయేటోళ్ళను ఆపుకుంట గిక్కడ్నే కూసుంటుండె."

మర్నాడు పొద్దున్నే, రాత్రి డ్యూటీ దిగిన దేవానందం ఇంటికి పోలేదు; వచ్చి ఆ బెంచీ మీద, పక్కన ఇంకొకరికి చోటుంచి కూచున్నాడు.