కోతులు జడుసుకున్న సినిమా

ఆ పొద్దున గరిడేపల్లి మీద మబ్బు దిగి కూర్చుంది గానీ చినుకు రాల్చలేదు. ఎండ లేదు, వాన లేదు. కోతులు మక్కచేలో దిగడానికి అంతకంటే మంచి పూట దొరకదు. గుట్ట మీది మంద మొత్తం ఈదయ్య చేలోనే ఉంది.

గట్టున కట్టిన మైకు మాత్రం తన పని తాను చేస్తోంది. కూరగాయల బండ్ల వాళ్ళు వాడే మైకు అది. ఒకసారి గొంతు ఎక్కిస్తే అదే మళ్ళీ మళ్ళీ అరుస్తుంది. "హోయ్! హోయ్! పోతరా లేదా!" అన్న ఈదయ్య గొంతుకు మొదట్లో కోతులు పరుగెత్తేవి. ఇప్పుడు ఒక పిల్లకోతి ఆ మైకు మీదే కూర్చుని కంకి ఒలుచుకుంటోంది.

"ఇంకొక్క వారం ఆగితే కంకి చేతికొస్తది. గిట్లయితే సొప్పే మిగుల్తది," అన్నాడు ఈదయ్య.

కోదాడ నుంచి వచ్చిన అల్లుడు వేణు నవ్వాడు. "మీ గొంతు వాటికి అలవాటైపోయింది మామయ్యా. భయం పుట్టాలంటే దయ్యం సినిమా సౌండ్ ఎక్కించాలి. అదీ కొత్త సినిమాది."

"కొత్తదెందుకు? భయమంటే పాత సినిమాదే."

"పాతదా! తెల్లచీర, గజ్జెలు, చేతిలో దీపం, పైగా ఓ పాట. ఆ దయ్యం భయపెట్టడానికి వచ్చిందా, కచేరీ చెయ్యడానికి వచ్చిందా?"

ఈదయ్య బీడీ ఆర్పాడు. "పాత దయ్యం జెప్పి వస్తది. ముందుగాల గాలి. దాని ఎనుక తలుపు చప్పుడు. దాని ఎనుక నక్క కూత. మర్యాద గల్ల దయ్యం. మీ కొత్త దయ్యమేమో ఎనుక నుంచి దబ్బున మీద పడ్తది. గట్ల పడితే ఎవ్వడైనా ఉలిక్కిపడ్తడు. అదొక భయమా?"

"నేనైతే ఉలిక్కిపడను. హాలంతా కేకలు పెడుతుంటే నేను సమోసా తింటుంటా. మీ దయ్యం ఒకటి, నా దయ్యం ఒకటి. కోతులే తీర్పు చెప్తాయి. నాది ఓడితే పొద్దుగూకేదాకా కట్టె పట్టుకుని చేనుకు కాపలా నేనే ఉంటా."

అన్నాక గుర్తొచ్చింది. మిర్యాలగూడలో కొత్త దయ్యం సినిమా మ్యాట్నీకి టికెట్ తీసుకుని ఉన్నాడు. కానీ మామ ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేడు.

ముందు పాత సినిమా ఎక్కించారు. గాలి వీచింది, తలుపు కిర్రుమంది, నక్క కూసింది, గజ్జెలు మోగాయి. కోతులు ఒకసారి తలలెత్తి చూసి మళ్ళీ కంకుల్లో పడ్డాయి. పాట మొదలయ్యేసరికి ఇంకో నాలుగు దిగాయి.

"చూశారా? పాట కోసం వచ్చాయి," అన్నాడు వేణు.

ఈదయ్య గట్టు దాకా నడిచాడు. మైకు విప్పుకుని షెడ్డు దగ్గరికి తెచ్చాడు.

వేణు అరుగు మీద కూర్చుని ఫోన్లో కొత్త సినిమా పెట్టాడు. "మధ్యలో దగ్గకండి మామయ్యా. మైకు అన్నీ పట్టేస్తుంది." ఈదయ్య తల ఊపి మైకు పట్టుకున్నాడు.

తెర మీద అమ్మాయి బీరువా తలుపు మెల్లగా తీస్తోంది. వేణు కాలు మీద కాలు వేసుకుని మామ వైపు చిరునవ్వుతో చూశాడు. గాలి లేదు, నక్క లేదు, షెడ్డు రేకుల మీంచి పెద్ద మగకోతి దబ్బున అతని మెడ మీద పడి ఫోను గుంజింది.

కాసేపు అక్కడ ఏది కోతో, ఎవరు అల్లుడో తెలియలేదు.

కోతి పోయాక వేణు షెడ్డు పక్క కాలవలోంచి లేచి ప్యాంటు బురద దులుపుకున్నాడు. ఫోను దొరికింది, ఒక చెప్పు దొరకలేదు. "గట్టిగా గద్దించా. ఎట్లా పారిపోయిందో చూశారుగా?"

"సూసిన."

"మళ్ళీ ఎక్కిద్దామా?"

"అక్కరలేదు. మంచిగనే ఎక్కింది."

ఈదయ్య మైకు తీసుకెళ్ళి చేను ఆ కొసన కర్రకు కట్టాడు. అప్పటికే పక్క మడిలో ఎల్లయ్య ట్రాక్టర్ దమ్ము చేస్తోంది. ఆ రొదలో షెడ్డు దగ్గరున్న వేణుకు ఏమీ వినబడలేదు. కళ్ళకు మాత్రం కనబడింది. చేనంతా సుడిగాలి దూరినట్టు ఊగింది. తల్లికోతులు పిల్లల్ని కరుచుకుని, వాటికంటే ముందు ఆ పెద్ద మగకోతి, మంద మొత్తం గుట్టకెక్కింది. మళ్ళీ ఒక్కటీ దిగలేదు.

గట్టు పక్కగా వచ్చిన ఎల్లయ్య ట్రాక్టర్ నెమ్మది చేసి, షెడ్డు వైపు చూసి కేకేశాడు. "అల్లుడా! గిదేం సినిమానయ్యా? నా చేనుకు గూడ జర ఎక్కియ్యరాదు!"

"కొత్తది బాబాయ్! వింటే మీకు నిద్ర పట్టదు!" అరిచాడు వేణు.

ఎల్లయ్య తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ట్రాక్టర్ పొగకు కాబోలు అనుకున్నాడు వేణు.

ఆ గట్టు మీదుగానే రుక్కమ్మ అన్నం గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. గంప దించకుండానే అల్లుణ్ణి కిందికీ పైకీ చూసింది. "మంచిగున్నవా బిడ్డా?"

"బ్రహ్మాండంగా ఉన్నానత్తయ్యా. పందెం గెలిచా. తినేసి మ్యాట్నీకి పోతా."

"పో నాయనా," అని ఆమె కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని అన్నం వడ్డించింది.

ఎల్లయ్య కూడా ట్రాక్టర్ ఆపేసి తన డబ్బా పట్టుకుని వచ్చాడు. గుడ్ల పులుసు, చింతకాయ తొక్కు. "పాతవాళ్ళకు భయపెట్టడం తెలియదు. ఆ అరుపులోనే ఉంది అంతా," అన్నాడు వేణు ముద్ద కలుపుతూ. ఎవరూ తల ఎత్తలేదు. అతనూ తినడంలో పడ్డాడు. నలుగురూ మాట లేకుండా తింటుంటే, రొద ఆగిపోయిన మడి మీదుగా మైకు గొంతు మొదటిసారి తేటగా షెడ్డు దాకా వచ్చింది.

"అమ్మో! అత్తయ్యోయ్! పట్టుకుందత్తయ్యా! వదులు తల్లీ, నీకు దండం పెడతా... అత్తయ్యోయ్!"