విసుర్రాయి పలకరింపు

"వెండి కడియం పోగొట్టుకున్న మ్యూజియానికి గ్రాంటు రాదు. ఇవాళే మూసేయండి," అన్నాడు గ్రాంట్ల అధికారి విద్యాధర్, ఖాళీ అద్దాల పెట్టె చూపిస్తూ.

ఊరివాళ్ళు జీతం లేకుండా వంతులవారీగా నడుపుకునే మ్యూజియం అది. ఇవాళ వంతు లచ్చవ్వది.

"అది మా అమ్మ కాలి కడియం సారూ. దొంగను ఇడిసిపెట్ట. మీరింతకు ముందు ఇక్కడికి వచ్చిండ్రా?"

"ఇదే మొదటిసారి."

"గట్లనా? మా విసుర్రాయి కాడికి రాండ్రి."

కొత్తవాళ్ళు కనిపిస్తే "ఎవల బిడ్డవు?" అని అడగడం అవ్వలు ఆ రాయికి నేర్పిన మర్యాద. గోడలూ గ్లాసులూ మాట్లాడే ఈ కాలంలో, వాటికి జవాబిచ్చిన సంగతి మనుషులకు గుర్తుండదు.

రాయి మాత్రం విన్నదీ చూసినదీ మరచిపోదు.

లచ్చవ్వ దాని గొంతు ఊరంతా వినబడేలా పెంచింది.

"మళ్లొచ్చినవా? కడియం సాలలేదా, నర్సింలు కొడుకా విద్యాధరూ!"